ఉచిత న్యాయ సహాయం: ఆదాయ పరిమితి ఎవరికి? ఎవరికి అక్కర్లేదు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ఆ జ్ఞాపకాలు మీ అందరికీ ఉన్నవే. అందుకే మా ఇంట్లో ఎవరికీ తెలియక నష్టపోయిన ఒక విషయం రాస్తున్నాను. ఇది చదివాక మీలో ఒక్కరి ఇంట్లోనైనా ఆ నష్టం తప్పితే నాకు అదే చాలు.

నేను ఇక్కడ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా పెద్దమ్మ భర్త చనిపోయాడు. ఆయన తండ్రి నుంచి వచ్చిన 80 సెంట్ల భూమిలో పెద్దమ్మకు రావలసిన భాగాన్ని ఆమె మరిది ఇవ్వనన్నాడు. పెద్దమనుషుల్లో పెట్టినా తేలలేదు. "కోర్టు దగ్గర గవర్నమెంటు వాళ్ళు ఉచితంగా ప్లీడరును పెడతారంట" అని ఎవరో చెబితే పెద్దమ్మ కూలి పని మానుకుని వెళ్ళింది. అక్కడ ఒక ఆఫీసు కిటికీ దగ్గర కూర్చున్నాయన "ఆదాయ సర్టిఫికెట్ తెచ్చావా?" అని అడిగాడు. దాని కోసం ఆమె ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. చివరికి వచ్చిన సర్టిఫికెట్లో హైదరాబాదులో డ్రైవరుగా చేస్తున్న కొడుకు జీతం కూడా కలిపి రాశారు. కిటికీ దగ్గరాయన దాన్ని చూసి "పరిమితి దాటింది, నీకు రాదు" అని తిప్పి పంపాడు. పెద్దమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి ప్రైవేటు ప్లీడరుకు ఫీజు కట్టింది. ఆ కమ్మలు మళ్ళీ ఇంటికి రాలేదు.

ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరాక ఒకరోజు లైబ్రరీలో న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 చదివాను. అందులో 12వ సెక్షన్ దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మళ్ళీ చదివాను. పెద్దమ్మ షెడ్యూల్డ్ కులానికి చెందినది. పైగా స్త్రీ. ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ చట్టం ప్రకారం ఆదాయం ఎంతో అడగవలసిన పనే లేదు! ఆమెను అడగకూడని ప్రశ్న అడిగారు. దానికి ఆమె సమాధానం తెచ్చింది. ఆ సమాధానం బాగాలేదని తిప్పి పంపారు. ఆ ప్రశ్నే తప్పని చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఇంటర్ చదువుతున్న నాకూ తెలియదు.

ఆ కిటికీ దగ్గరాయన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. ఆయనకు అలా ఎవరైనా చెప్పి ఉండవచ్చు. మనకు తెలిసి ఉంటే మాత్రం ఆయన మాట అక్కడే ఆగేది.

ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చింది?

1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చారు. ఆర్థిక కారణాల వల్ల గానీ, ఇతర అశక్తతల వల్ల గానీ ఏ పౌరుడికీ న్యాయం పొందే అవకాశం లేకుండా పోకూడదని, అందుకు ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని దాని సారాంశం. ఇందులో "ఇతర" అన్న మాటను గుర్తు పెట్టుకోండి. మన కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బీహారు జైళ్ళలో ఎందరో పేదలు విచారణ కూడా మొదలుకాకుండా ఏళ్ళ తరబడి ఉన్నారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం జైల్లో గడిపినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. బెయిలు అడగడానికి వాళ్ళకు ప్లీడరు లేడు. ఉచిత న్యాయ సహాయం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ కేసులో చెప్పారు. 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. ముద్దాయి నోరు తెరిచి అడగలేదు కాబట్టి ప్లీడరును ఇవ్వలేదనడం కుదరదని చెప్పి, ప్లీడరు లేకుండా పడిన శిక్షను కొట్టివేసింది. తనకు హక్కు ఉందని తెలియనివాడు దాన్ని ఎలా అడుగుతాడు? మా పెద్దమ్మది సివిల్ కేసు కాబట్టి ఆ తీర్పు ఆమెకు నేరుగా వర్తించదు. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆమెదే.

1987లో చేసిన చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. అందుకే ఏటా నవంబరు 9ని న్యాయ సేవల దినంగా జరుపుతారు.

12వ సెక్షన్ ఏం చెబుతోంది?

ఈ సెక్షన్లో అర్హులను ఎనిమిది కోవలుగా చెప్పారు. నోట్సు రాసుకోండి:

1. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల వారు.
2. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి గురైనవారు.
3. స్త్రీలు, పిల్లలు.
4. వికలాంగులు.
5. తమ తప్పు లేకుండా ఆపదలో పడ్డవారు. అంటే పెద్ద ప్రమాదాలు, కుల దాడులు, జాతి హింస, వరదలు, కరువు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదాల బాధితులు.
6. పారిశ్రామిక కార్మికులు.
7. నిర్బంధంలో ఉన్నవారు. జైలే కాదు, రక్షణ గృహం, బాల నేరస్థుల గృహం, మానసిక చికిత్సాలయం కూడా ఇందులోకి వస్తాయి.
8. నిర్ణయించిన పరిమితి కంటే తక్కువ వార్షికాదాయం ఉన్నవారు.

ఆదాయం మాట ఎక్కడ వచ్చిందో చూశారా? ఎనిమిదో దానిలో మాత్రమే! మొదటి ఏడింటికీ ఆదాయ పరిమితి లేదు. ఈ ఎనిమిదీ కలిపి ఉండాలని కూడా చట్టం చెప్పలేదు, ఏ ఒక్కటి ఉన్నా చాలు. కానీ ఊళ్ళో ఎవరిని అడిగినా "అది తెల్లకార్డు వాళ్ళకే కదా" అంటారు. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, రేషన్ కార్డు, అన్నిటికీ ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చి ఇచ్చి, ప్రభుత్వం నుంచి ఏది కావాలన్నా ముందు పేదరికం రుజువు చేసుకోవాలన్న ఆలోచన మనలో పాతుకుపోయింది. న్యాయ సహాయం విషయంలో అది తప్పు.

ఇక్కడ నా క్లాసుమేటు ఒకడు అడిగిన ప్రశ్న చెప్పాలి. "ఎస్సీ ఆఫీసరు కొడుకుకు, ధనవంతురాలికి కూడా ఉచితమా? ఇదేం న్యాయం?" అన్నాడు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న "ఇతర" అన్న మాట ఇక్కడ పనికొస్తుంది. కోర్టుకు వెళ్ళకుండా మనిషిని ఆపేది డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. ఊళ్ళో పెద్ద కులం మీద కేసు వేస్తే రేపు పనికి పిలుస్తారో లేదోనన్న భయం ఆపుతుంది. "ఆడది కోర్టు మెట్లెక్కుతుందా" అన్న మాట ఆపుతుంది. భర్త ఆదాయం లక్షల్లో ఉన్నా, ఆ భర్త మీదనే కేసు వేయాల్సిన భార్య చేతిలో బస్సు చార్జీ కూడా ఉండకపోవచ్చు. చట్టం చేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. అందుకే వీళ్ళను ఆదాయం లెక్క నుంచి బయట పెట్టారు.

ఆదాయ పరిమితి ఎవరికి ముఖ్యం?

మొదటి ఏడు కోవల్లోనూ లేనివారికి ఎనిమిదోదే ఆధారం. మన హాస్టల్లో మనతో పాటు చదివే బీసీ, ఇతర కులాల మిత్రుల తండ్రులు, అన్నలు ఇందులోకి వస్తారు. ఇంకో ముఖ్య విషయం ఉంది. మన పేటల్లో క్రైస్తవంలోకి మారి బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారినే షెడ్యూల్డ్ కులంగా గుర్తిస్తారు. కాబట్టి ఆ కుటుంబాల్లోని మగవారు ఎస్సీ కోవ కింద అడగలేరు, ఆదాయ కోవ కింద అడగాలి. ఆడవాళ్ళకు, పిల్లలకు మాత్రం ఏ సర్టిఫికెట్ ఉన్నా మూడో కోవ ఎలాగూ ఉంది.

ఇక పరిమితి ఎంత? చట్టం చేసినప్పుడు ఏడాదికి 9,000 రూపాయలు, సుప్రీంకోర్టు కేసులకైతే 12,000 అని రాశారు. అంటే నెలకు 750 రూపాయలు దాటితే అర్హత పోయినట్టే. అయితే అంతకంటే ఎక్కువ మొత్తాన్ని నిర్ణయించుకునే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారు. సుప్రీంకోర్టు కేసుల విషయంలో ఆ అధికారం కేంద్రానిది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ పరిమితి ఏడాదికి 3,00,000 రూపాయలు. సుప్రీంకోర్టు కేసులకు 5,00,000 రూపాయలు.

3,00,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 25,000. ఆటో నడిపే నాన్నలు, తాపీ మేస్త్రీలు, చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఈ లెక్కలో సరిపోతారు. కానీ నెలకు 26,000 జీతం వచ్చే ఒక ప్రైవేటు ఉద్యోగిని తీసుకోండి. ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, తల్లి మందులు పోను అతనికి మిగిలేది ఏమీ ఉండదు. అయినా అతను పరిమితి దాటినట్టే. గీత గీసినప్పుడు దానికి అవతల ఒకడు మిగిలిపోతాడు. ధరలు పెరుగుతూ ఉంటే, గీత కదలకుండా ఉన్నకొద్దీ అవతలివాళ్ళ సంఖ్య పెరుగుతుంది. దీని గురించి మనం ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండాలి.

సర్టిఫికెట్ కాదు, అఫిడవిట్ చాలు

ఆదాయ కోవ కింద అడిగేవాళ్ళు కూడా ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలా? దీనికి అదే చట్టంలోని 13వ సెక్షన్, రెండో ఉపవిభాగం సమాధానం చెబుతోంది. దరఖాస్తుదారు తన ఆదాయం ఇంత అని ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్‌నే అర్హతకు సరిపోయే ఆధారంగా తీసుకోవచ్చు. దాన్ని నమ్మకపోవడానికి తగిన కారణం ఉంటేనే సంస్థ వేరే ఆధారం చూస్తుంది. ఆదాయ సర్టిఫికెట్ చేతిలో ఉంటే జత చేయండి, మంచిదే. లేకపోతే అది వచ్చేదాకా కేసు వాయిదాలు పోగొట్టుకుని కూర్చోకండి. అఫిడవిట్ ఇస్తామని చెప్పండి.

అయితే అబద్ధం రాయవద్దు. తప్పు సమాచారం ఇచ్చి సహాయం పొందారని తేలితే మధ్యలోనే దాన్ని రద్దు చేస్తారు.

ఇంకో షరతు కూడా ఉంది. ఏ కోవ కింద అడిగినా, కేసులో కనీస బలం ఉందని సంస్థకు అనిపించాలి. పక్కింటివాడిని ఏడిపించడానికి వేసే కేసుకు ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టదు. ఆఫీసరు కొడుకు గురించి అడిగిన నా క్లాసుమేటుకు ఈ షరతు కూడా చెప్పాను.

ఏమేమి ఉచితం?

ప్లీడరు ఫీజు ఒక్కటే అనుకోకండి. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సాక్షులకయ్యే ఖర్చు, దావా కాగితాలు తయారు చేయడం, తీర్పు నకళ్ళు, కాగితాల అనువాదం కూడా ఇందులోకి వస్తాయి. న్యాయ సలహా ఇవ్వడం కూడా న్యాయ సేవే. కోర్టులోనే కాదు, ట్రిబ్యునల్ ముందు, ఇతర అధికారుల ముందు నడిచే వ్యవహారాలకూ సహాయం అడగవచ్చు. సంస్థ పెట్టిన ప్లీడరు మన దగ్గర ఒక్క రూపాయి కూడా అడగకూడదు, తీసుకోకూడదు. "కాగితాల ఖర్చుకు ఇవ్వు" అంటే అదే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

ఎలా అడగాలి?

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దానికి జిల్లా జడ్జి అధ్యక్షులు. కార్యదర్శిగా ఉండేదీ ఒక జడ్జే. కింది స్థాయిలో మండల కమిటీలు ఆయా కోర్టుల దగ్గర ఉంటాయి. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వేరే కమిటీలు ఉన్నాయి. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు.

దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. పేరు, చిరునామా, ఏ కోవ కింద అడుగుతున్నారో, కేసు ఏమిటో రాసి, ఎస్సీ, ఎస్టీ అయితే కుల ధ్రువీకరణ పత్రం నకలు జత చేయాలి. చదువు రానివాళ్ళు నోటితో చెబితే అక్కడివాళ్ళు రాసుకోవాలి. ఏడు రోజుల లోపల నిర్ణయం చెప్పాలని 2010 నాటి నిబంధనలు అంటున్నాయి. కాదంటే ఆ సంస్థ అధ్యక్షులకు అప్పీలు చేసుకోవచ్చు. అందుకే నోటి మాటతో తిప్పి పంపితే వెనక్కి రావద్దు. దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, సమాధానం కాగితం మీద అడగండి. మా పెద్దమ్మ చేతిలో అలాంటి కాగితం ఒక్కటీ లేదు. అందుకే ఆమెను తిప్పి పంపినట్టు ఎక్కడా రికార్డు కూడా లేదు.

కొన్ని సందేహాలు

ఇప్పటికే ప్రైవేటు ప్లీడరు ఉంటే? మధ్యలో కూడా న్యాయ సహాయం అడగవచ్చు. పాత ప్లీడరు దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని కాగితాలు తీసుకోవాలి. సహాయం మంజూరయ్యాక మాత్రం సంస్థ పెట్టిన ప్లీడరును కాదని వేరొకరిని పెట్టుకుంటే సహాయం ఆగిపోతుంది.

ఉచిత ప్లీడరు సరిగ్గా పట్టించుకుంటాడా? ఈ అనుమానం అందరికీ ఉంది. ఊరికే వచ్చినది కూడా కాదు. అందరూ ఒకేలా ఉండరు. కానీ కేసు ఎలా నడుస్తోందో చూడడానికి సంస్థలో పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. వాయిదాకు రాకపోతే తేదీలు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేసి ప్లీడరును మార్చమని కోరవచ్చు. క్రిమినల్ కేసుల కోసం 2022 నుంచి చాలా జిల్లాల్లో పూర్తికాలం పనిచేసే డిఫెన్స్ కౌన్సిళ్ళను నియమిస్తున్నారు.

అర్హత ఏదీ లేనివాళ్ళ సంగతి? లోక్ అదాలత్‌కు ఆదాయ పరిమితి లేదు, ఎవరైనా వెళ్ళవచ్చు. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకం పెట్టే ముందు బాగా ఆలోచించుకోవాలి.

మనం చేయవలసింది

పోయిన ఏడాది పెద్దమ్మ తరఫున నేనే తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాను. "12వ సెక్షన్ ఎ, సి కోవల కింద" అని రాసి కుల పత్రం నకలు జత చేశాను. ఈసారి ఎవరూ ఆదాయం అడగలేదు. ప్లీడరును పెట్టారు. కేసు ఇంకా నడుస్తోంది. భూమి వస్తుందో లేదో తెలియదు. కానీ వాయిదా రోజున పెద్దమ్మ ఇప్పుడు అప్పు చేసి వెళ్ళడం లేదు. మొన్న నాతో ఒక మాట అంది: "నాయనా, ఈ ముక్క అప్పుడే తెలిసుంటే కమ్మలు మిగిలేవి కదరా." నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడిని నేను. మీలో చాలామంది కూడా మీ ఇళ్ళలో అలాంటివాళ్ళే అవుతారు. ఇంట్లో మొదట చదువుకున్నవాడికి ఉద్యోగం తెచ్చుకోవడం ఒక్కటే పని కాదు. ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్నీ చదివి చెప్పే బాధ్యత కూడా అతనిదే. బాబాసాహెబ్ అంబేడ్కర్ బారిస్టరు చదివి బొంబాయి హైకోర్టులో వాదించారు. మనందరం బారిస్టర్లం కానక్కర్లేదు. ఒక సెక్షన్ చదివి అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు.

ఇంకొంచెం చేయాలనుకుంటే న్యాయ సేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లుగా చేరవచ్చు. లా విద్యార్థులను, మాలాగా ఎం.ఎస్.డబ్ల్యూ. చదివేవాళ్ళను కూడా తీసుకుంటారు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఏడాదికి ఒకసారైనా హాస్టల్‌కు ఒక ప్లీడరును తీసుకొచ్చి మాట్లాడిస్తే ఎంతో మేలు చేసినవాళ్ళవుతారు.

వచ్చే సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పేజీ చింపి పట్టుకెళ్ళండి. వార్డెన్ గారు కోప్పడితే నా పేరు చెప్పండి. ఇంట్లో మూడు ముక్కలు చెప్పండి: ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయం అడగరు. మిగతావాళ్ళకు 3,00,000 లోపు ఉంటే అఫిడవిట్ చాలు. కాదన్నవాళ్ళను కాగితం మీద రాసిమ్మనండి.

జై భీమ్.